సేఫ్‌కి ఇంకో మాట

ఆమె భయాలన్నిటిలోకీ పెద్ద భయం ఒకటే. ఇంట్లో తనకేదో అవుతుంది. కాలు జారో, కళ్ళు తిరిగో, ఎలాగైతేనేం, తను లేవలేకుండా పడి ఉంటుంది. వీధి తలుపుకి లోపల గడియ పెట్టి ఉంటుంది. రెండేళ్ళు నిండీ నిండని పాప ఒక్కతే ఆ గడియకి ఇవతల తిరుగుతూ ఉంటుంది. ఆ సంగతి లోకంలో ఒక్కరికీ తెలియదు.

ఈ మాట ఒకసారి మొగుడితో అంది. అతను నవ్వేశాడు.

"నీకేమవుతుందే? గుండ్రాయిలా ఉన్నావు."

"గుండ్రాళ్ళు దొర్లవా ఏంటి?"

"దొర్లితే పాపే లేపుతుందిలే. ఊరందర్నీ లేపుతోందిగా."

అక్కడితో ఆ సంభాషణ అయిపోయింది. భయం మాత్రం చీర కుచ్చెళ్ళు పట్టుకుని తిరిగే పిల్లలాగా ఆమె వెనకే తిరుగుతూనే ఉంది. స్నానానికి వెళ్ళేటప్పుడు తడి నేల మీద అడుగు తీసి అడుగు వేసేది. మెతుకు గొంతుకి అడ్డం పడితే, ముందు పాప వైపు చూసి ఆ తర్వాత దగ్గేది.

అతను సెల్ టవర్లు ఎక్కే మనిషి. అందుకని ఆ బిల్డింగులో ఆమెని అందరూ టవరాయన భార్య అనేవారు. అందరూ అంటే ఎంతమందో కాదు. కింద వాటాలో కుట్టుమిషను పెట్టుకుని దిండు గలీబులూ, పరదాలూ, స్కూలు యూనిఫారాలూ కుట్టే ఒక పెద్దావిడ. మధ్యలో వీళ్ళు. పైన ఏదో ఆఫీసు వాళ్ళు పాత కుర్చీలు పడేసి తాళం వేసుకున్న గది. తాళం వేసిన గది ఎవర్నీ ఏమనీ పిలవదు కాబట్టి, ఆ పేరు పెట్టింది కింది మిషన్ పిన్ని ఒక్కతే అనుకోవాలి.

టవరాయన నెలకోసారి వచ్చేవాడు. మొహం మాడిపోయి, అరచేతులు కాయలు కాసి, వచ్చిన రోజంతా నిద్రపోయి, పాప తనకి అలవాటు పడే వేళకి మళ్ళీ సంచీ సర్దుకునేవాడు.

వాళ్ళ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. టవరెక్కిన మనిషి కిందికి దిగి, నడుముకి కట్టిన బెల్టు విప్పాక, సూపర్‌వైజరుకి ఫోన్‌లో ఒక్క మాట పంపాలి. సేఫ్. అదే మాట. దిగాననీ, అయిపోయిందనీ పెడితే కుదరదు. ఆ మాట రాకపోతే సూపర్‌వైజరు ఫోన్ చేస్తాడు. ఫోన్ ఎత్తకపోతే జీపు బయల్దేరుతుంది. ఆ పద్ధతి అతనికెంత నచ్చిందంటే, దాన్ని మూటకట్టుకుని ఇంటికి కూడా తెచ్చాడు.

"రోజూ పొద్దున పదింటికి నువ్వు కూడా నాకు సేఫ్ అని పెట్టు. అది చూసుకుని నేను నిచ్చెన ఎక్కుతాను."

"మరి మీరు దిగాక నాకు పెడతారా?"

"పెట్టకేం? నువ్వే నా పెద్ద సూపర్‌వైజరువి."

అలా మొదలైంది. పొద్దున ఇక్కడి నుంచి సేఫ్. మధ్యాహ్నం అక్కడి నుంచి సేఫ్. మొదటి రోజుల్లో ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమెకి ప్రాణం లేచొచ్చేది. పాపకి చూపించి "నాన్న దిగాడే" అనేది. పాప రెండు చేతులూ పైకెత్తి "చేఫ్!" అని అరిచేది. కొన్నాళ్ళకి అది అరిగిపోయిన రూపాయి బిళ్ళలా అయిపోయింది. వస్తోంది, పోతోంది, మీద బొమ్మ కనపడటం లేదు. పన్ను వస్తుంటే పాప ఆ రోజంతా ఏడ్చిందనీ, కొళాయి కారుతోందనీ, నిన్న సాయంత్రం ఊరికే ఏడుపొచ్చిందనీ చెప్పుకోడానికి ఆ మాటలో చోటు లేదు.

ఆమె చదువు పదో తరగతి మధ్యలో ఆగిపోయింది. అమ్మకి జబ్బు చేసింది, తమ్ముళ్ళు చిన్నవాళ్ళు, అంతే. కానీ బళ్ళో ఇచ్చిన ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ మాత్రం తిరిగి ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. అట్ట ఊడిపోయి, ముందు కాగితాలు చిరిగిపోయి, అది ఆమెతో పాటే కాపురానికి వచ్చింది. ఒకరోజు పాప పడుకున్నాక, ఏమీ తోచక, దాంట్లో సేఫ్ ఎక్కడుందో వెతికింది. ఒక్క ఇంగ్లీషు మాటకి ఎదురుగా అన్ని తెలుగు మాటలు వరసగా నిలబడి ఉంటే, తెలిసిన చుట్టాలంతా ఒకేసారి గుమ్మంలోకి వచ్చినట్టనిపించింది.

మర్నాడు సేఫ్ బదులు "క్షేమం" అని పెట్టింది.

అటునుంచి వెంటనే సమాధానం వచ్చింది. "ఇదేంటి, మా తాతగారు ఉత్తరం రాసినట్టు?"

చాలా రోజుల తర్వాత ఆమె ఒంటరిగా ఉండి కూడా పైకి నవ్వింది.

అప్పట్నుంచి రోజుకో మాట. భద్రం. సురక్షితం. పదిలం. నిక్షేపం. డిక్షనరీలో లేనివి తనే కలుపుకుంది. కులాసా. చల్లగా ఉన్నాం. ఒకరోజు, సేఫ్ అన్న మాటకి ఇనుప పెట్టె అని కూడా అర్థం రాసి ఉందని చూసి, "ఈ రోజు మేమిద్దరం ఇనుప పెట్టె" అని పెట్టింది. "తాళం చెవి నా దగ్గరుందిలే" అని జవాబిచ్చాడు. ఆ జవాబు ఆ రోజు ఆమెకి ఎంతో బాగుంది.

అంట్లు తోముతూ ఆ మాటల గురించే ఆలోచించేది. అన్నీ ఒకటేనని డిక్షనరీ అంటుంది గానీ, ఒకటి కాదు. క్షేమం దూరం వాళ్ళది. పక్కనున్న మనిషిని క్షేమమా అని ఎవరూ అడగరు. భద్రం, వెళ్ళేవాళ్ళతో నిలబడిపోయేవాళ్ళు చెప్పే మాట. పెళ్ళయి బస్సెక్కుతుంటే అమ్మ కిటికీ ఊచలు పట్టుకుని "భద్రం తల్లీ" అంది, బస్సు కదిలినా ఊచలు వదల్లేదు. సురక్షితం పేపర్లో మాట. ఏదో ఒకటి కూలితే గానీ, మునిగితే గానీ అది పుట్టదు. పదిలం చేతులకి సంబంధించింది. అమ్మ తన చెవికమ్మలు చీర మడతల్లో పెట్టి పైన అరచేత్తో ఒకసారి నొక్కేది, అదీ పదిలమంటే. ఏదీ తనంతట తాను పదిలంగా ఉండదు. ఎవరో ఒకరు పెట్టాలి. ఎక్కడ పెట్టారో గుర్తుంచుకోవాలి. సేఫ్ అన్నమాటకి ఆ బెంగ లేదు. దానికి పక్కన ఎవరూ అక్కర్లేదు, ఒక్కతే ఉండగలదు.

ఒకరోజు పాపకి వాంతులయ్యాయి. పక్కలూ బట్టలూ ఉతుక్కుని, ఫోన్ చూసుకునేసరికి పదీ దాటి, పదకొండూ దాటి చాలాసేపయింది. ఆ రోజు ఆమె మాట కోసం ఎదురుచూసి, చూసి, సూపర్‌వైజరు ఫోన్‌లో కేకలేస్తే అతను నిచ్చెన ఎక్కేశాడట. సగం ఎత్తులో ఒక చేత్తో ఊచ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ తీసి చూసుకుంటుంటే కిందనుంచి కుర్రాళ్ళు అరిచారట. ఈ సంగతి అతను నవ్వుతూనే చెప్పాడు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. తన మాట ఆలస్యమైతే ఆయన చెయ్యి జారుతుంది. ఇంత చిన్న ఫోన్‌లోంచి అంత ఎత్తు మనిషిని తను కింద పడెయ్యగలదు.

ఆ వారమే ఫోన్‌ని కెలికి కెలికి ఒక సంగతి కనుక్కుంది. మెసేజ్ ముందే రాసిపెట్టి, ఏ రోజు ఏ గంటకి వెళ్ళాలో చెబితే, దానంతట అదే వెళుతుంది. ఇక ఆదివారం మధ్యాహ్నం పాప నిద్రపోగానే డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని, వారానికి సరిపడా మాటలు ఏరి, వరస పెట్టేసేది. సోమవారం కులాసా, మంగళవారం భద్రం, అలాగన్నమాట. రేపు ఎలా ఉంటామో తెలియకుండానే బాగున్నామని రాసేస్తున్నందుకు మనసు ఒక్కసారి పీకింది. కానీ ఆయన చెయ్యి జారకూడదు కదా.

జాగ్రత్తలు అంతటితో ఆగలేదు. పాప నీళ్ళ బకెట్ దగ్గరికి పోకుండా బాత్రూం తలుపుకి బయట వైపు, పిల్లకి అందనంత ఎత్తులో, కొత్త గడియ వేయించుకుంది. ఎవరు తలుపు కొట్టినా తియ్యకూడదని, నోటి మీద వేలేసుకుని గప్‌చుప్‌గా కూర్చోవాలని పాపకి ఆటలా నేర్పింది. పాప ఆ ఆట బాగా ఆడేది. ఎంత బాగా అంటే, గ్యాసు బండ తెచ్చినవాడు రెండుసార్లు వెనక్కి పోయాడు.

ఇక కింది పిన్నితో గొడవ. పాపకి ఒక చెక్క స్టూలుంది. దాన్ని గది ఈ మూల నుంచి ఆ మూలకి ఈడ్చడం పాప ఉద్యోగం. ఒకరోజు మిషన్ పిన్ని మెళ్ళో పసుపు పచ్చ కొలత టేపుతోనే మెట్లెక్కి వచ్చింది.

"ఏమ్మాయ్, పైన ఏనుగుని పెంచుతున్నావా?"

"పిల్లండీ పిన్నిగారూ, ఏనుగు కాదు."

"పిల్ల ఏనుగా? నా నెత్తిమీద సర్కస్ పెట్టావు కదమ్మా! గుడ్డ మీద గీతలు గీసుకుంటుంటే చెయ్యి అదురుతోంది."

"మరి మీ మిషను చప్పుడుకి మా పిల్ల మధ్యాహ్నం పడుకోవడం లేదు, నేనేమైనా అన్నానా?"

"మిషను తిండి పెడుతుందమ్మా. స్టూలు పెడుతుందా?"

ఆ సాయంత్రమే ఆమె స్టూలు కాళ్ళకి పాత గుడ్డలు మందంగా చుట్టి కట్టేసింది. ఇక చప్పుడు లేదు. పిన్ని మళ్ళీ రాలేదు. గొడవ పడ్డానికైనా గుమ్మంలోకి వచ్చే ఒక్క మనిషీ రావడం మానేసిందని ఆమెకి కొన్నాళ్ళ తర్వాత గానీ తెలిసి రాలేదు.

అది గురువారమో శుక్రవారమో. ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, మంట సన్నం చేసి, నానబెట్టిన గుడ్డలు ఓసారి జాడించి వద్దామని బాత్రూంలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది. రెండు గుడ్డలు జాడించిందో లేదో వెనకాల టక్కుమని చప్పుడైంది.

స్టూలు వచ్చిన చప్పుడు వినపడలేదు. గుడ్డలు కట్టింది తనే కదా.

"బుజ్జులూ, గడియ తియ్యమ్మా."

బయట కిలకిలా నవ్వు.

"ఆట అయిపోయింది బంగారం. తియ్యి. అటు లాగు."

గడియ కొంచెం కదిలింది. మళ్ళీ టక్కుమంది. ఈసారి ఇంకా లోపలికి పోయినట్టుంది. పాప స్టూలు దిగి, చిన్న చిన్న అడుగులతో వెళ్ళిపోయింది.

ఆమె తలుపు తోసింది. భుజం పెట్టి గుద్దింది. దిట్టంగా ఉండాలని వడ్రంగితో పోట్లాడి మరీ వేయించుకున్న గడియ. చెక్కు చెదరలేదు. ఫోన్ వంటింటి గట్టు మీద ఉంది. పైన చేతి వెడల్పు అద్దాల కిటికీలోంచి గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపు గోడల మధ్య సందులో పడి గిరగిరా తిరిగింది. పై గదికి తాళం. కింద మిషను గడగడా కొడుతోంది.

అప్పుడు వంటింట్లో ఫోన్ టింగుమంది.

పది గంటలైందన్నమాట. మాట వెళ్ళిపోయింది. ఆ రోజు వంతు ఏ మాటదో ఆమెకి గుర్తొచ్చింది. నిక్షేపంగా ఉన్నాం. కాసేపటికి ఇంకో టింగు. బొటనవేలు బొమ్మ పంపి ఉంటాడు. పంపి, ఫోన్ జేబులో పెట్టుకుని, నిశ్చింతగా నిచ్చెన ఎక్కుతుంటాడు.

ఆమె బకెట్ అంచు మీద కూలబడింది. తను లేవలేని స్థితిలో పడి ఉంటుందనుకుంది గానీ, ఇలా నిక్షేపంలాంటి కాళ్ళూ చేతులతో, ఇంత ఆరోగ్యంగా ఉండి కూడా అక్కరకు రాకుండా పోతానని అనుకోలేదు. ఇనుప పెట్టె. తాళం చెవి ఎవరి దగ్గరుంది మరి?

పాలు మాడిన వాసన వచ్చింది. పొంగి పొయ్యి మీద పడ్డాయి. సుయ్యిమన్న చప్పుడు కూడా వినపడింది. తర్వాత మాడు వాసన తగ్గింది. దాని వెనకాలే ఇంకో వాసన, కుళ్ళిన ఉల్లిపాయలాంటిది, తలుపు కింది సందులోంచి సన్నగా పాకి వచ్చింది. మంట ఆరిపోయింది. గ్యాసు వస్తోంది.

"బుజ్జులూ! వంటింట్లోకి పోకు! ఇలా రా తల్లీ, అమ్మ దగ్గరికి రా!"

పాప హాల్లో తనలో తాను ఏదో పాడుకుంటోంది.

ఆమె ఇత్తడి చెంబు తీసుకుని గోడ వెంట కిందికి దిగే నీళ్ళ గొట్టాన్ని కొట్టడం మొదలుపెట్టింది. వాయించింది అనాలి. చెంబు సొట్టలు పోయేలా, చెవులు గింగుర్లెత్తేలా. కింద మిషను ఆగింది. ఆమె ఇంకా గట్టిగా కొట్టింది. మిషను మళ్ళీ మొదలైంది. ఆమె ఏడుస్తూ కొట్టింది. మిషను మళ్ళీ ఆగింది. ఈసారి కింద కుర్చీ వెనక్కి జరిగింది, తలుపు ధడేలుమంది, మెట్ల మీద చెప్పుల చప్పుడు.

వీధి తలుపు మీద దబదబా దెబ్బలు. "ఏమ్మాయ్! ఇల్లు పడగొడుతున్నావా, కొత్తది కడుతున్నావా? మనుషులు బతకాలా వద్దా?"

"పిన్నిగారూ!" అని ఆమె కేక పెట్టింది. "బాత్రూంలో ఇరుక్కుపోయాను! పిల్ల గడియ పెట్టేసింది! గ్యాసు ఆరిపోయింది పిన్నిగారూ, వాసన వస్తోంది!"

అవతలినుంచి అప్పటిదాకా వచ్చిన గొంతు వేరు, ఆ తర్వాత వచ్చిన గొంతు వేరు.

"లైటు గానీ, ఫ్యాను గానీ ముట్టుకోకు. పిల్లెక్కడుంది?"

"హాల్లో! వీధి తలుపు గడియ దానికి వచ్చు. తియ్యమనండి!"

"అమ్ములూ, తలుపు తియ్యమ్మా."

హాల్లో పాట ఆగిపోయింది. ఊపిరి చప్పుడు కూడా లేదు. తలుపు మీద దెబ్బలు పడ్డాయి కదా. పాప నోటి మీద వేలేసుకుని గప్‌చుప్‌గా కూర్చుని ఉంటుంది. ఆ బుద్ధిమంతురాలి మొహం ఆమెకి తలుపులోంచి కనపడినట్టే ఉంది.

"బుజ్జులూ, ఈ ఒక్కసారికీ తియ్యొచ్చమ్మా! ఆ అమ్మమ్మకి తియ్యి!"

చప్పుడు లేదు. పిన్ని పిలిచింది, బుజ్జగించింది, బిస్కెట్లిస్తానంది. అవన్నీ చేసి చూపించి మరీ "అయినా తియ్యకూడదు" అని నేర్పింది తనే. వాసన చిక్కబడుతోంది. తర్వాత అవతల గొంతు కూడా ఆగిపోయింది. వెళ్ళిపోయిందా? మనుషుల్ని పిలుచుకురావడానికి వెళ్ళిందా? వీధిలో ఈ వేళప్పుడు మనుషులెవరున్నారు?

పిన్ని వెళ్ళలేదు. ఆ పెద్దావిడ నొప్పి మోకాళ్ళతో గుమ్మం ముందు నేల మీద బోర్లా పడుకుని, మెళ్ళో టేపు తీసి, తలుపు కింది సందులోంచి లోపలికి తోస్తోంది. ఇది ఆమెకి తర్వాత తెలిసింది. అప్పటికి వినపడింది పాప గొంతు మాత్రమే.

"పాము!"

పాము కొంచెం లోపలికి వచ్చింది. వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. పాప పట్టుకున్నట్టుంది. అటునుంచి లాగారు. ఇటునుంచి లాగింది. పకపకా నవ్వింది. మళ్ళీ లాగుడు. ఇంతలో పాము చటుక్కున బయటికి జారుకుంది.

"పాము ఏదీ?"

"పాము బయటికొచ్చేసిందే. నా దగ్గరుంది. చూస్తావా?"

గుడ్డలు కట్టిన స్టూలు చప్పుడు చెయ్యదు. పాప ముక్కుతూ మూలగడం, గడియ కిర్రుమనడం, మళ్ళీ కిర్రుమనడం వినపడ్డాయి. ఆ రెండు చప్పుళ్ళ మధ్యన ఆమెకి అమ్మ, నాన్న, చిన్నప్పటి ఇల్లు, తను ఎప్పుడూ మొక్కని దేవుళ్ళు, అన్నీ గుర్తొచ్చాయి. వీధి తలుపు తెరుచుకుంది.

"ముందు పొయ్యి, పిన్నిగారూ!"

"తెలుసులే, నువ్వూరుకో."

గ్యాసు నాబ్ తిప్పిన చప్పుడు. బండ దగ్గర రెగ్యులేటరు టక్కు. కిటికీలు ఒక్కొక్కటే బార్లా. చివరికి బాత్రూం గడియ. తలుపు తీసేసరికి పిన్ని చంకలో పాప, పాప మెళ్ళో పసుపు టేపు.

"ఇదిగో నీ గొళ్ళాలమ్మ" అంది పిన్ని. "ఏడవకు. ఏడిస్తే నాకూ వస్తుంది. నాకొచ్చిందంటే ఓ పట్టాన ఆగదు."

ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. పాప టేపు చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

కాస్త తెప్పరిల్లాక పిన్ని లేచి లోపలికి వెళ్ళి, స్టూలు తిరగేసి, దాని కాళ్ళ వంక చూసింది.

"ఇదా సంగతి? చప్పుడు మానేస్తే, ఇల్లు ఖాళీ చేసి పోయారేమో అనుకున్నా. ఈ గుడ్డలు పీకెయ్."

"మీరే కదండీ తిట్టింది."

"తిట్టానమ్మా. తిట్టడానికి పైన మనిషి ఉంటే కదా తిడతాను. ఆ స్టూలు చప్పుడు ఆగిపోయాక నేనెవరితో మాట్లాడానో చెప్పు? గుండీలతోనా?"

సాయంత్రం మొగుడు ఫోన్ చేశాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. మెసేజ్‌లు వారానికోసారి వరస పెడుతున్న సంగతి కూడా దాచలేదు.

"కోపమొచ్చిందా?"

"కోపమా? ఏ మొహం పెట్టుకుని తెచ్చుకోను?" అన్నాడు అతను. "నేనూ దిగాక పంపడం లేదే."

"అంటే?"

"కొత్త టవర్లు కదా. పొద్దున రోడ్డు మీద అందే సిగ్నల్ టవరు కింద ఉండదు. పై దాకా ఎక్కితేనే దూరపు టవరుది కాస్త అందుతుంది. అందుకని పైనుండగానే సేఫ్ కొట్టేసి, అప్పుడు దిగడం మొదలుపెడతాం. అందరం అంతే. సూపర్‌వైజరుకీ తెలుసు."

ఆమె ఫోన్ చెవికి గట్టిగా నొక్కుకుంది. రోజూ మధ్యాహ్నం ఆ మాట చూసి పాపకి "నాన్న దిగాడే" అని చెప్పేది. పాప చేతులెత్తి అరిచేది. ఆ సమయానికి ఆ నాన్న ఆకాశంలో ఒక ఊచ మీద నిలబడి, ఇంకా మొదటి మెట్టు కూడా దిగలేదన్నమాట. ఇక్కడినుంచి తను రేపటి మాట ఇవాళే పంపింది. అక్కడినుంచి ఆయన కింది మాట పైనుంచే పంపాడు. ఇన్ని నెలలూ ఇద్దరూ ఒకరికొకరు ఎంతో ముద్దుగా, రోజుకో పర్యాయపదం చొప్పున, లేని కబురు చెప్పుకున్నారు.

"ఇంక మనం ఆ మాట మానేద్దామండీ" అంది.

"మరేం పెడదాం?"

"ఏమీ పెట్టొద్దు. తీరిక దొరికినప్పుడు మాట్లాడండి. కొళాయి కారుతోందని చెబుతాను, వినండి."

"చెప్పు. ఎప్పట్నించి కారుతోంది?"

ఆ రాత్రి ఆమె కొళాయి గురించి ఎంతసేపు చెప్పిందో, అతను అంతసేపూ విన్నాడు.

గుడ్డలు విప్పేసిన స్టూలు మర్నాటి నుంచి మళ్ళీ ఊరేగింది. పొద్దున పాప స్టూలు లాగగానే కింద మిషను రెండు చుట్లు ఊరికే తిరిగేది, గుడ్డ లేకుండానే, వట్టి చక్రం. కిందున్నారా అంటే ఉన్నాను అన్నట్టు. అదేమీ అనుకుని పెట్టుకున్నది కాదు, అలా అయిపోయింది. ఒకరోజు స్టూలు లాగినా మిషను తిరగలేదు. పాప మళ్ళీ లాగింది. లేదు. ఆమె పాపని చంకనేసుకుని పరుగున కిందికి దిగింది. తలుపు ఓరగా వేసి ఉంది.

"పిన్నిగారూ, ఎలా ఉన్నారు?"

"నాకేమే, నిక్షేపంగా ఉన్నాను" అని మంచం మీంచి జవాబు. గొంతు ఖంగుమంటోంది. ఆ గొంతు విని గుమ్మంలోంచే వెనక్కి తిరిగేదే. కానీ ఆ మాట ఆమెకి బాగా పరిచయమున్న మాట. అది తన ఇంట్లోంచి ఎలాంటి పూట బయటికి వెళ్ళిందో తెలుసు.

"దాహంగా ఉంది. కాసిని మంచినీళ్ళిస్తారా?" అంది.

పిన్ని లేవబోయింది. లేవలేకపోయింది. దుప్పటి తీసి చూస్తే కాలు వాచిపోయి దిండులా ఉంది. ముందురోజు రాత్రి మెట్టు తప్పిందట. ఎవరికి చెబుతాం అని ఊరుకుందట. "ఎలా ఉన్నావంటే బాగున్నాననే అంటారు కదే ఎవరైనా. నోరు అలవాటు పడిపోయింది" అని మొహం పక్కకి తిప్పుకుంది.

ఆ కాలు తగ్గేదాకా పైవాటాలో వంట కిందికి దిగింది. పాప స్టూలు కూడా దిగింది. తిట్లు మాత్రం మామూలే.

ఆ తర్వాత టవరాయన ఎక్కడం మానేసి నేల మీద కేబుళ్ళు పరిచే పనిలోకి మారాడు. జీతం తగ్గింది, కాళ్ళు భూమ్మీద ఉన్నాయి. ఆ పని వేరే ఊళ్ళో. సామాను బండికెక్కిస్తుంటే పిన్ని బయటికి రాలేదు. లోపల మిషను కొడుతూనే ఉంది, వట్టి చక్రం. చివరికి వచ్చి పసుపు టేపు పాప మెళ్ళో వేసింది. "కొత్తది కొనుక్కుంటాలే" అంది. బండి కదిలాక "భద్రం" అంది. ఆ మాట ఎవరు ఎవరితో చెబుతారో ఆమెకి తెలుసు కాబట్టి వెనక్కి తిరిగి చూడకుండా ఉండలేకపోయింది. పిన్ని గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

ఇప్పుడు ఆమె రోజూ ఫోన్ చేస్తుంది. మిషను మోతలో ఒక్కోసారి పిన్నికి వినపడదు. ఎత్తినప్పుడు మాత్రం గొంతు ఖంగుమంటుంది. బాగున్నానే, నాకేమే, గొళ్ళాలమ్మ ఏం చేస్తోంది, అంతే. ఇక్కడినుంచి ఆమె మంచినీళ్ళు అడిగే వీల్లేదు కదా.

అందుకని ఇది చదివినవాళ్ళకి ఒక చిన్న మాట. ఆ పైవాటాలోకి మీరే అద్దెకి దిగి ఉండొచ్చు. లేదా మీ కింద, మీ పక్కన, మీ సందు చివర అలాంటి మిషను ఒకటి ఉండి ఉండొచ్చు. ఒక పొద్దున అది మోగకపోతే, చెప్పులేసుకుని వెళ్ళి తలుపు తట్టండి. ఎలా ఉన్నారని మాత్రం అడక్కండి, ఏం చెబుతుందో తెలుసు. దాహంగా ఉంది, ఓ గ్లాసు మంచినీళ్ళివ్వమనండి. ఆవిడ లేచి, నడిచి వెళ్ళి, ముంచి తెచ్చి మీ చేతికిచ్చేదాకా గుమ్మంలోంచి కదలకండి.